కిటికీ అద్దాలు – శుభ్రత, సంరక్షణ

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని సామెత. పగటి పూట మన ఇంటికైనా, హాస్టల్ గదికైనా దీపం కిటికీయే. సూర్యుడు ఇచ్చే వెలుగుకు కరెంటు బిల్లు రాదు, కోతలూ ఉండవు. అయితే ఆ వెలుగు మన పుస్తకం దాకా రావాలంటే మధ్యలో ఉన్న అద్దం దారి ఇవ్వాలి. దుమ్ము, జిడ్డు, మరకలు పట్టిన అద్దం సగం మూసిన తలుపుతో సమానం.

కిటికీ తుడవడం గురించి కూడా వ్యాసం రాయాలా అని కొందరు మిత్రులు అనవచ్చు. రాయాలనే మా అభిప్రాయం. ఆదివారం శ్రమదానంలో కిటికీల పని చూసే జట్టు మాది. ఈ పనిలో మన సైన్సు పుస్తకంలోని ఆమ్లాలు, క్షారాలు, కాంతి, తలతన్యత అన్నీ ఉన్నాయి. పైగా మనలో చాలామంది తల్లిదండ్రులు ఇతరుల ఇళ్ళలో, ఆఫీసుల్లో ఈ పనే చేసి మనల్ని చదివిస్తున్నారు. వారు చేతులతో నేర్చుకున్న విద్యకు కారణాలు తెలుసుకోవడం మన బాధ్యత.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినవి రెండే మాటలు. మొదటిది: అద్దం మీద ఉన్న మురికి ఏ రకమో తెలుసుకున్న తర్వాతే చెయ్యి వేయాలి. రెండవది: ఏ అద్దమూ మనిషి ప్రాణం కంటే విలువైనది కాదు. మిగిలినదంతా ఈ రెండు మాటలకు వివరణే.

1. అద్దం ఎలా తయారవుతుంది?

తెలుగులో ముఖం చూసుకునేదానినీ అద్దమే అంటాం, కిటికీకి బిగించేదానినీ అద్దమే అంటాం. ముఖం చూసుకునే అద్దం వెనుక వెండి లేదా అల్యూమినియం పూత ఉంటుంది. కిటికీ అద్దానికి అది ఉండదు. రెండింటికీ మూలం గాజు.

గాజుకు ముఖ్యమైన ముడి పదార్థం ఇసుకలోని సిలికా. సిలికా ఒక్కదానినే కరిగించాలంటే సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకని సోడియం కార్బొనేట్ కలుపుతారు. బట్టలు ఉతకడానికి వాడే చాకలి సోడాలో ఉండేది ఇదే. సోడా కలిపితే తక్కువ వేడికే కరుగుతుంది. కానీ సిలికా, సోడా మాత్రమే ఉన్న గాజు నీళ్ళలో కరిగిపోతుంది. వాన పడితే కరిగే కిటికీ మనకెందుకు? అందుకని మూడవదిగా సున్నపురాయి కలుపుతారు. అప్పుడు గాజు నీటికి నిలుస్తుంది. కిటికీ అద్దంలో నూటికి 70 పాళ్ళకు పైగా సిలికా, సుమారు 13, 14 పాళ్ళు సోడా, 10 పాళ్ళ దాకా సున్నం ఉంటాయి.

ఇప్పుడు మనం చూసే చదునైన అద్దం ‘ఫ్లోట్’ పద్ధతిలో తయారవుతుంది. కరిగిన తగరం మీద కరిగిన గాజును పోస్తే, నీళ్ళ మీద నూనె పరుచుకున్నట్లు సమానంగా పరుచుకుంటుంది. ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్టన్ రూపొందించిన ఈ పద్ధతిని 1959లో ప్రపంచానికి ప్రకటించారు. అంతకు ముందు నాటి అద్దాల్లో సన్నని అలలు, బుడగలు కనిపించేవి. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా మొదలైన ఊరు. ఇక్కడ ఏ పాత బంగళా కిటికీ ముందైనా నిలబడి చూసినప్పుడు అవతలి చెట్టు వంకరగా కనిపిస్తే, అది పాత పద్ధతి గాజు అని గుర్తుపట్టవచ్చు. కాలం గడిచేకొద్దీ గాజు కిందికి జారడం వల్ల అలా అయిందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. తయారీలో వచ్చిన ఎగుడుదిగుడే అది.

ఒక చిన్న లెక్క చేద్దాం. గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు. 45 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం ఉన్న అద్దం ఘనపరిమాణం 45 × 30 × 0.4 = 540 ఘన సెంటీమీటర్లు. బరువు 540 × 2.5 = 1350 గ్రాములు. అంటే కిలోకు పైమాటే. పుట్టీ ఊడిన కిటికీ నుంచి ఇంత బరువున్న పదునైన వస్తువు కింద నడిచేవారి మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. సంరక్షణ అనే మాటకు అర్థం అక్కడే ఉంది.

2. వెలుగు లెక్క

ఎంత శుభ్రమైన అద్దమైనా మొత్తం వెలుగును లోపలికి రానివ్వదు. గాజుకు ఉన్న రెండు ముఖాల దగ్గరా నూటికి సుమారు 4 పాళ్ళ చొప్పున వెలుగు వెనక్కి పోతుంది. మరి కొంచెం గాజులోనే ఇంకిపోతుంది. శుభ్రమైన అద్దం గుండా నూటికి 90 పాళ్ళ దాకా వస్తుంది. దీనిని మనం మార్చలేం. దాని మీద పేరుకునే దుమ్ము వల్ల పోయే వెలుగు మాత్రం మన చేతిలో ఉంది.

ఎంత పోతుందో పరీక్షించడం సులువు. ఒకే కిటికీలో పక్కపక్కనే ఉన్న రెండు అద్దాలలో ఒకదానిని మాత్రమే రెండు వైపులా శుభ్రం చేయండి. రెండింటి ముందూ తెల్ల కాగితం పట్టుకుని చూడండి. సెల్‌ఫోన్‌లో వెలుగును కొలిచే యాప్ ఉంటే రెండు చోట్లా అంకెలు రాసుకోండి. ఆ తేడాయే మనం ఇన్నాళ్ళూ పోగొట్టుకున్న వెలుగు.

గాజు గుండా స్పష్టంగా చూడడం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన ఊరి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి పెరుగుతున్న దశను సూక్ష్మదర్శినిలో చూశారు. సూక్ష్మదర్శిని మరలు తన చెమటకు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కంటి కటకానికీ పగులు వచ్చిందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. కోసిన దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వేయించుకోలేదు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనానికి ఆయన పేరే పెట్టారు. పగిలిన కటకంతోనే అంత పని చేసిన మనిషిని తలచుకుంటూ, బాగున్న అద్దానికి మురికి పట్టనిచ్చి చీకట్లో చదవడం మనకు తగదని గ్రహించాలి.

3. మురికి ఎన్ని రకాలు?

వైద్యుడు రోగం తెలుసుకున్నాకే మందు ఇస్తాడు. అద్దానికీ అంతే.

(అ) పొడి దుమ్ము: మన సికింద్రాబాద్, హైదరాబాద్ గుట్టలన్నీ గ్రానైట్ రాయి. ఈ రాయి అరిగి వచ్చే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7. కిటికీ గాజు సుమారు 5.5. అంటే ఆ దుమ్ము గాజు కంటే గట్టిది. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే మనం గీతలు గీస్తున్నట్లే. ముందు మెత్తని కుచ్చుతో దులపాలి, తర్వాత తడపాలి.

(ఆ) జిడ్డు: వంటగది కిటికీ మీద నూనె ఆవిరి, పడక గది కిటికీ మీద తలనూనె చేతుల ముద్రలు. వట్టి నీళ్ళకు ఇవి పోవు. సబ్బు కావాలి.

(ఇ) ఉప్పునీటి తెల్ల మరకలు: ఇవి బోరు నీళ్ళ వల్ల వస్తాయి. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలే నీటి కఠినత్వానికి కారణం. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వ పరిమితి లీటరుకు 200 మి.గ్రా. వేరే నీరు దొరకని చోట 600 మి.గ్రా. దాకా అనుమతిస్తారు. లీటరుకు 400 మి.గ్రా. కఠినత్వం ఉన్న నీళ్ళు 100 మి.లీ. అద్దం మీద ఆరిపోతే దాదాపు 40 మి.గ్రా. తెల్లపొడి మిగులుతుంది. సబ్బుకు ఇది లొంగదు. నిమ్మరసం, వెనిగర్ వంటి బలహీన ఆమ్లాలకు లొంగుతుంది.

(ఈ) సున్నం, సిమెంటు, రంగు చుక్కలు: పండగ ముందు గోడలకు సున్నం వేసినప్పుడు అద్దాల మీద పడతాయి. సున్నం, సిమెంటు క్షారాలు. క్షారం ఎక్కువ కాలం నిలిస్తే గాజులోని సిలికానే తినేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. కాబట్టి పడిన వెంటనే తడి గుడ్డతో తీయాలి. సున్నం వేసే ముందే అద్దాలకు పాత పేపర్లు అంటించుకుంటే ఇంకా మంచిది.

(ఉ) పావురాల రెట్టలు: పొడిగా ఉన్నప్పుడు గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి జబ్బు చేయవచ్చు. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని, ముందు బాగా తడిపి, నానిన తర్వాత పాత పేపరుతో ఎత్తేయాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

(ఊ) స్టిక్కర్లు, టేపు జిగురు: వేడి నీళ్ళలో ముంచిన గుడ్డను పది నిమిషాలు ఆనించి ఉంచితే మెత్తబడుతుంది. మిగిలిన జిగురు మీద రెండు చుక్కల కొబ్బరి నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

(ఋ) పోని మసక: ఎన్ని చేసినా అద్దం పొగ పట్టినట్లే ఉంటే అది మురికి కాదు, గాజుకు పట్టిన జబ్బు. ఏళ్ళ తరబడి తేమ నిలిచిన చోట గాజులోని సోడియం నీళ్ళలోకి వచ్చి ఆ నీటిని క్షారంగా మారుస్తుంది. ఆ క్షారం మళ్ళీ గాజునే తింటుంది. దీనికి మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. ఉతికిన బట్టలు కిటికీకి ఆనించి ఆరేయకూడదు అనడానికి ఇది ఒక కారణం.

4. సబ్బు చేసే పని

నీటి బిందువు గుండ్రంగా ఎందుకు ఉంటుంది? నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉంటుంది. దీనినే తలతన్యత అంటారు. జిడ్డు ఉన్న అద్దం మీద నీళ్ళు పోస్తే పరుచుకోకుండా బిందువులుగా విడిపోవడానికి కారణం ఇదే. సబ్బు కలిపితే ఆ బిగువు తగ్గి నీరు పరుచుకుంటుంది. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరో కొస నూనెను ఇష్టపడుతుంది. కాబట్టి జిడ్డును పట్టుకుని నీళ్ళతో పాటు తీసుకుపోతుంది.

ఈ తలతన్యతను కొలిచే పద్ధతి కనిపెట్టిన వారిలో ఒకరు వంటింట్లో పని చేసుకుంటూ చదువుకున్న స్త్రీ. ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్స్, దేశం జర్మనీ. ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడవారిని చేర్చుకునేవి కావు. తల్లిదండ్రుల సేవ, గిన్నెలు తోమడం, ఇల్లు చూసుకోవడం ఆమె పని. గిన్నెలు కడిగే నీటి మీద జిడ్డు, సబ్బు ఎలా ప్రవర్తిస్తాయో గమనించి, రేకు తొట్టితో స్వయంగా పరికరం చేసుకుని ప్రయోగాలు చేశారు. తన ఫలితాలను ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరంగా రాశారు. ఆయన సాయంతో 1891లో ఆ ఉత్తరం ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. 1932లో ఆమెకు బ్రౌన్‌ష్వైగ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చేసే పని చిన్నదని మనం అనుకుంటే చిన్నది. ఎందుకు ఇలా జరుగుతుందని అడిగితే అదే ప్రయోగశాల.

5. శుభ్రం చేసే క్రమం

కావలసినవి: రెండు బకెట్లు, మెత్తని కుచ్చు, రెండు పాత నూలు గుడ్డలు, రబ్బరు వైపర్, పాత పేపర్లు, గిన్నెలు కడిగే సబ్బు ద్రవం, వెనిగర్ లేదా నిమ్మకాయ. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చిన్న వైపర్ దొరుకుతుంది. మోండా మార్కెట్లో నిమ్మకాయలు దొరుకుతాయి. ఖరీదైన సీసాలు కొనకపోయినా పని ఆగదు.

1) వేళ: పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ చేయాలి. ఎండ తగిలే అద్దం మీద నీళ్ళు తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి.

2) ముందు జాలి, చట్రం, గ్రిల్లు దులపాలి. అద్దం తుడిచాక బూజు దులిపితే పని మళ్ళీ మొదటికి వస్తుంది.

3) కిటికీ కింది బండ మీద మడత పెట్టిన గుడ్డ పరచాలి. చాలా ఇళ్ళలో ఇది షాబాద్ బండో, తాండూరు బండో అయి ఉంటుంది. రెండూ సున్నపురాళ్ళే. వెనిగర్, నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది.

4) ఒక బకెట్‌లో లీటరు నీటికి అర చెంచా సబ్బు ద్రవం కలపాలి. ఎక్కువ వేస్తే ఎక్కువ తళతళలాడుతుందనుకోవడం పొరపాటు. మిగిలిన సబ్బే పొరగా మారి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. రెండవ బకెట్‌లో మంచి నీళ్ళు. వీలైతే బోరు నీళ్ళు కాకుండా నల్లా నీళ్ళు వాడాలి.

5) సబ్బు నీటి గుడ్డతో పై నుంచి కిందికి తుడవాలి. మూలలు మరువరాదు. గుడ్డను మంచి నీళ్ళలో జాడించి, పిండి, మళ్ళీ సబ్బు నీటిలో ముంచాలి.

6) తెల్ల మరకలు ఉంటే వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో అద్ది, ఐదు నిమిషాలు ఆగి, తర్వాత మంచి నీళ్ళతో కడగాలి. మొండిగా ఉంటే రెండుసార్లు చేయాలి గానీ గీకకూడదు.

7) వైపర్‌ను పై నుంచి మొదలుపెట్టి ఒకే ఒత్తిడితో లాగాలి. ప్రతిసారీ రబ్బరును గుడ్డతో తుడవాలి. ఇప్పుడు వాడుకలో ఉన్న ఒంటి రబ్బరు వైపర్‌కు 1936లో పేటెంటు తీసుకున్నది ఎట్టొరే స్టెకోనే. ఇటలీ నుంచి అమెరికాకు బతుకుతెరువు కోసం వెళ్ళి, కిటికీలు తుడిచే పని చేసిన మనిషి ఆయన. పని తెలిసినవాడే పనిముట్టును బాగుచేశాడు.

8) వైపర్ లేకపోతే పాత పేపరును నలిపి గుండ్రంగా రుద్దాలి. పేపరు నుంచి నూలు పోగులు రాలవు కాబట్టి అద్దం తేటగా వస్తుంది. సిరా తెల్ల చట్రాలకు అంటుకోకుండా చూసుకోవాలి.

9) లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడవండి. చివరకు చార మిగిలితే అది ఏ వైపుదో గీత చూసి చెప్పవచ్చు.

6. చేయకూడని పనులు

బాత్రూమ్ ఆసిడ్ వాడకూడదు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇది గాజును తినదు గానీ పుట్టీలోని సుద్దను, కిటికీ బండను, ఇనుమును, అల్యూమినియంను తింటుంది. దాని ఆవిరి మన కళ్ళకూ గొంతుకూ చేటు. ఆసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు పెట్టింది. 18 ఏళ్ళ లోపు వారికి అమ్మకూడదు. కాబట్టి తమ్ముళ్ళు ఎవరూ ఆ సీసా ముట్టవద్దు.

బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో ఏదీ కలపకూడదు. ఆమ్లం కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. వెనిగర్ కూడా ఆమ్లమేనని మరువవద్దు. కొన్ని అద్దాలు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉంటుంది. అది కలిస్తే క్లోరమిన్ అనే మరో విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

బూడిద, ఇసుక, ఇనుప పీచుతో అద్దాన్ని రుద్దకూడదు. గిన్నెకు పనికొచ్చేది గాజుకు పనికిరాదు. రంగు చుక్కలు బ్లేడుతో తీయవలసి వస్తే పెద్దవారే చేయాలి. అద్దం తడిగా ఉండాలి, బ్లేడు దాదాపు పడుకోబెట్టినట్లు ఉండాలి, ఒకే వైపుకు తోయాలి. ఎండ ఆగడానికి ఫిల్మ్ అంటించిన అద్దం మీద బ్లేడు గానీ, అమ్మోనియా ఉన్న ద్రవం గానీ వాడరాదు.

7. చట్రం, పుట్టీ, జాలి

అద్దం ఎంత శుభ్రంగా ఉన్నా దానిని పట్టి ఉంచే పుట్టీ పాడైతే లాభం లేదు. సంప్రదాయ పుట్టీ అంటే సుద్ద పొడి, అవిసె నూనె కలిపిన ముద్ద. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లమెల్లగా గట్టిపడుతుంది. ఏళ్ళు గడిస్తే ఎండకు పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోకి వాన నీరు దిగి ఇనుప చట్రానికి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అద్దాన్ని పక్కకు నొక్కుతుంది. ఎవరూ రాయి వేయకపోయినా మూల నుంచి అద్దం పగలడానికి తరచుగా ఇదే కారణం.

అందుకే ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, లోపలి వైపు నుంచి ప్రతి అద్దాన్నీ వేలితో మెల్లగా తట్టి చూడండి. గలగలమంటే పుట్టీ వదులైందని అర్థం. వార్డెన్ సార్‌కు ఏ గది, ఏ కిటికీ, ఎన్నో అద్దం అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాట మరుగునపడుతుంది, రాసిన కాగితం ఫైలులో ఉంటుంది. చట్రం మీద తుప్పు ఉంటే గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆ పైన రంగు వేయాలి.

అల్యూమినియం జరుపుడు కిటికీల కింది పట్టాలో నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడుకుంటే వాన నీరు గదిలోకి వస్తుంది. పాత టూత్ బ్రష్‌తో నెలకోసారి తీయాలి. దోమ జాలిని విప్పడానికి వీలుంటే విప్పి సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాక బిగించాలి. జాలికి వేలెడంత చిరుగు ఉన్నా దోమకు అది సింహద్వారమే.

8. అద్దం పగిలితే

ముందు చిన్నపిల్లలను దూరంగా పంపాలి. కాళ్ళకు చెప్పులు, చేతులకు మందపాటి చేతి తొడుగులు ఉండాలి. పగులు మాత్రమే వచ్చి అద్దం చట్రంలోనే ఉంటే రెండు వైపులా వెడల్పు టేపు అంటించి, కింద ఎవరూ నడవకుండా చూసి, మనిషిని పిలిపించాలి. నేల మీద పడిన పెద్ద ముక్కలు ఎత్తాక, కంటికి కనిపించని రవ్వలను తడి పేపరుతో అద్ది తీయాలి.

ఆ తర్వాత చేసే పని అన్నిటికంటే ముఖ్యం. ముక్కలను వట్టి చెత్త కవరులో పడేయకూడదు. నాలుగు పొరల పేపరులో గానీ, పాత అట్టపెట్టెలో గానీ చుట్టి, టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో ‘గాజు ముక్కలు’ అని రాయాలి. చెత్త ఆటో వచ్చినప్పుడు వారి చేతికి వేరుగా ఇచ్చి చెప్పాలి. ఆ కవరు విప్పే చేతులు ఎవరివో మనకు తెలుసు. మనలో ఎందరి అమ్మానాన్నలో, అన్నావదినలో ఆ చేతులు. రెండు నిమిషాలు మనం ఖర్చు పెడితే వారికి కుట్లు తప్పుతాయి, కూలి పోకుండా ఉంటుంది.

9. ఎత్తు మీద పని

ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇల్లు శుభ్రంగా ఉంచే బాధ్యత ఇల్లాలిది మాత్రమే అనుకునే రోజులు పోవాలి. పండగ వచ్చిందంటే కుర్చీ మీద స్టూలు వేసుకుని కిటికీ తుడిచేది అమ్మే. పై అంతస్తుల్లో సజ్జ మీద నిలబడి బయటి వైపు తుడిచేది పనికి వచ్చిన అక్కో, అన్నో. సజ్జ వాన నీటిని ఆపడానికి కట్టింది. మనిషి నడవడానికి కాదు. తడి సజ్జ మీద సబ్బు నీళ్ళు పడితే పట్టు దొరకదు.

మా జట్టు పెట్టుకున్న నియమాలు ఇవి. నేల మీద నిలబడి అందినంత వరకే మన పని. కుర్చీ మీద కుర్చీ వేయరాదు. కిటికీ గడప మీద కూర్చుని బయటికి వంగరాదు. పొడవు కర్ర కట్టిన వైపర్ వాడితే కర్ర చెక్కదై ఉండాలి, తడిగా ఉండరాదు. కరెంటు తీగలు దగ్గరగా ఉన్న కిటికీ బయటి వైపు జోలికే పోరాదు. పై అంతస్తు బయటి అద్దాలు నడుముకు బెల్టు, తాడు ఉన్న శిక్షణ పొందిన పెద్దవారి పని. అద్దం నెల రోజులు మురికిగా ఉన్నా కొంప మునగదు. కాలు జారితే మాత్రం ఒక ఇంటి దీపం ఆరిపోతుంది.

చట్టం కూడా తెలుసుకుందాం. 14 ఏళ్ళ లోపు పిల్లలను ఇళ్ళలో పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2016లో చట్టాన్ని సవరించి, బడి వేళల తర్వాత సొంత కుటుంబానికి సాయపడడం వంటి కొన్ని మినహాయింపులతో, ఆ నిషేధాన్ని అన్ని పనులకూ వర్తింపజేశారు. 14 నుంచి 18 ఏళ్ళ వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మన ఈడు పిల్లలు ఎవరైనా పరాయి ఇంట్లో ఈ పని చేస్తూ కనిపిస్తే, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరుకు ఫోను చేయడం మన కర్తవ్యం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. ఈరోజు మీలో కొందరు సొంత ఇల్లు కట్టుకున్నారు, ఆఫీసుల్లో అధికారులయ్యారు. మీ కిటికీ తుడవడానికి వచ్చినవారికి నిచ్చెన ఉందా, బెల్టు ఉందా, తాగడానికి నీళ్ళు ఇచ్చారా అని ఒక్కసారి చూడండి. పని ముగిసిన రోజే కూలి చేతిలో పెట్టండి. మీకు ఇది చెప్పే హక్కు మీ తమ్ముళ్ళుగా మాకుందని అనుకుంటున్నాం.

10. హాస్టల్‌లో ఏడాది క్రమం

జూన్: వానలకు ముందు పుట్టీ, పగుళ్ళు, నీళ్ళు పోయే రంధ్రాల పరీక్ష.

అక్టోబరు: వానలు వెనుకబడ్డాక చట్రాల తుప్పు చూడడం, దసరాకు అద్దాలన్నీ కడగడం.

జనవరి: సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక జాలీలు కడగడం.

ఫిబ్రవరి చివర: పదవ తరగతి పరీక్షలకు ముందు చదువుకునే హాలు కిటికీలన్నీ రెండు వైపులా శుభ్రం చేయడం. ఏడాదిలో వెలుగు అన్నిటికంటే అవసరమయ్యేది అప్పుడే.

మిగతా నెలల్లో పదిహేను రోజులకోసారి దుమ్ము దులిపి తడి గుడ్డతో తుడిస్తే చాలు. గదికి ఇద్దరి చొప్పున వంతు వేసుకుంటే ఒక్కొక్కరికి అరగంటకు మించిన పని కాదు.

మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1) సిలికా, సోడా మాత్రమే ఉన్న గాజు కిటికీకి ఎందుకు పనికిరాదు?

2) పొడి గుడ్డతో రుద్దితే అద్దానికి గీతలు ఎందుకు పడతాయి?

3) వెనిగర్‌కు పోయే మరక ఏది? సబ్బుకు పోయే మరక ఏది? దేనికీ పోని మసక ఏది?

4) మీ గదిలో ఒక కిటికీ అద్దం కొలతలు తీసుకుని బరువు లెక్కకట్టండి.

5) మీ ఇంట్లో పగిలిన గాజు చివరకు ఎవరి చేతికి చేరుతుంది? వారి పేరు మీకు తెలుసా?

ఐదవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. రేపు పొద్దున చెత్త ఆటో వచ్చినప్పుడు అడిగి తెలుసుకోండి.